కరెంటు బండికి దారి చూపిన ఫ్రాంక్ స్ప్రేగ్



మనం ప్రతిసారీ గాంధీగారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి, ఎడిసన్ గురించి రాసుకుంటున్నాం. ఈసారి నేను ఎడిసన్ దగ్గర కొన్నాళ్ళు పనిచేసి బయటికి వచ్చేసిన ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఫ్రాంక్ జూలియన్ స్ప్రేగ్. అమెరికాలో ఆయన్ని కరెంటు రైళ్ళకు పితామహుడు అంటారు. మన పుస్తకాల్లో మాత్రం ఆయన పేరు నాకు కనపడలేదు.

ఆయన గురించి నాకెలా తెలిసిందో చెప్తాను. మన హాస్టల్లో సాయంత్రం స్టడీ అవర్లో బోరు మోటరు వేస్తారు కదా. వెయ్యగానే లైట్లు మినుకు మినుకుమంటాయి, ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతాయి. ఎందుకని సైన్సు సారుని అడిగాను. ఒక్క తీగ మీద అందరూ ఒకేసారి కరెంటు లాగితే వోల్టేజి పడిపోతాది అన్నారు. ఒక్క మోటరుకే ఇలా అయిపోతే, రైళ్ళూ బస్సులూ అన్నీ కరెంటుతో నడిస్తే ఊళ్ళో దీపాలు ఏమైపోతాయి అని మళ్ళీ అడిగాను. సారు నవ్వారు. సరిగ్గా ఈ ప్రశ్నకే నూట ముప్పై ఏళ్ళ కిందట ఒకాయన జవాబు చెప్పవలసి వచ్చిందని చెప్పి, ఈ కథ మొదలుపెట్టారు.

చిన్నతనం

స్ప్రేగ్ 1857వ సంవత్సరం జూలై 25వ తేదీన అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో మిల్‌ఫర్డ్ అనే ఊరిలో జన్మించారు. ఎనిమిది తొమ్మిదేళ్ళ వయసులోనే తల్లి చనిపోయింది. తండ్రి ఆయన్ని నార్త్ ఆడమ్స్ అనే ఊళ్ళో మేనత్త దగ్గర ఉంచారు. అమ్మానాన్నలకు దూరంగా ఉండి చదువుకోవడం ఎలా ఉంటాదో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఆయన లెక్కల్లో మంచి తెలివిగలవాడు.

పెద్దయ్యాక సైనిక కళాశాలలో చేరదామని పరీక్ష రాయడానికి వెళ్ళారు. తీరా వెళ్ళి చూస్తే అక్కడ జరిగేది నౌకాదళ కళాశాల పరీక్ష. ఇంత దూరం వచ్చాను కదా అని అదే రాసేశారు. సీటు వచ్చింది. 1878లో ఆ చదువు పూర్తి చేసి ఓడల మీద ఉద్యోగానికి వెళ్ళారు. ఓడలో ఉన్నా ఆయన మనసంతా కరెంటు మీదే ఉండేది. పనిచేసిన ఒక ఓడలో కరెంటు గంటలు కూడా అమర్చారు.

1882లో లండన్ నగరంలో పెద్ద విద్యుత్తు ప్రదర్శన జరిగింది. నౌకాదళం తరఫున స్ప్రేగ్ అక్కడికి వెళ్ళారు. లండన్‌లో అప్పటికే భూమి లోపల సొరంగాల్లో రైళ్ళు నడిచేవి. కానీ అవి బొగ్గు రైళ్ళు. సొరంగం నిండా పొగ. ఆ పొగలో దగ్గుకుంటూ ప్రయాణం చేస్తుంటే, ఈ రైళ్ళను కరెంటుతో నడిపితే ఈ బాధ ఉండదు కదా అని ఆయనకు ఆలోచన వచ్చింది. పొగ ఎంత కష్టమో కట్టెల పొయ్యి ఊదిన వాళ్ళకి బాగా తెలుస్తాది.

ఎడిసన్ దగ్గర

1883లో ఆయన నౌకాదళం ఉద్యోగం వదిలేసి ఎడిసన్ దగ్గర చేరారు. అప్పుడు ఎడిసన్ ఊళ్ళకి దీపాలు పెట్టే పనిలో ఉన్నారు. కరెంటు తయారయ్యే చోటు నుంచి ఇళ్ళకి ఎంత లావు తీగ వెయ్యాలో తెలుసుకోవడానికి వాళ్ళు చిన్న నమూనా కట్టి చూసేవారు. దానికి చాలా రోజులు పట్టేది. స్ప్రేగ్ దాన్ని కాగితం మీద లెక్క కట్టి చెప్పేశారు. ఏ వీధిలో ఎంత కరెంటు లాగుతారు, ఏ తీగ ఎంత మొయ్యగలదు అన్న లెక్క ఆయనకి అక్కడే బాగా అలవాటయింది. తరవాత ఇదే ఆయన్ని కాపాడింది.

ఎడిసన్‌కి దీపాలంటే ఇష్టం, స్ప్రేగ్‌కి మోటర్లంటే ఇష్టం. అందుకని ఏడాదికే 1884లో బయటికి వచ్చి సొంతంగా కంపెనీ పెట్టుకున్నారు. చేతిలో డబ్బు పెద్దగా లేదు.

ఇచ్చేసే మోటరు

ఇక్కడ చాలా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. జాగ్రత్తగా చదవండి.

మనం సంతకి వెళ్ళి మూట నెత్తిన పెట్టుకొని కొండ ఎక్కుతాం. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తాది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు గాని, జారిపోకుండా కాళ్ళు బిగబట్టాలి. మోకాళ్ళు వణికిపోతాయి. ఆ బిగబట్టిన బలమంతా ఊరికే పోతాది. బండి కూడా అంతే. బ్రేకు వేస్తే చక్రం వేడెక్కుతాది, ఆ శక్తి ఎవరికీ పనికిరాకుండా గాలిలో కలిసిపోతాది.

స్ప్రేగ్ ఏం చేశారంటే, బండి ఆగేటప్పుడు చక్రమే మోటరుని తిప్పేలా చేశారు. మోటరుకి కరెంటు ఇస్తే తిరుగుతాది. అదే మోటరుని బయట నుంచి తిప్పితే అది కరెంటు తయారు చేస్తాది. మనం ఎనిమిదో తరగతిలో సైకిల్ డైనమోతో బల్బు వెలిగించాం కదా, అదే సూత్రం. అలా తయారైన కరెంటుని ఆయన వెనక్కి లైనులోకి పంపించారు. అంటే బండి తీసుకున్న దానిలో కొంత తిరిగి ఇచ్చేస్తాది. ఇచ్చేటప్పుడు దానికే బ్రేకు కూడా పడతాది.

దీన్ని 1885, 1886లో న్యూయార్క్ నగరంలో స్తంభాల మీద నడిచే రైలు మార్గంలో పరీక్షించారు. ఆ రైలు మార్గం జే గౌల్డ్ అనే గొప్ప ధనవంతుడి చేతిలో ఉండేది. ఒకరోజు ఆయన బండి ఎక్కి చూస్తున్నారు. స్ప్రేగ్ బండిని గబుక్కున వెనక్కి తిప్పేసరికి ఫ్యూజు ఢామ్మని పేలి పెద్ద మెరుపు వచ్చింది. గౌల్డ్ భయపడిపోయి బండిలోంచి దూకబోయారు. ఫ్యూజు పేలడం ప్రమాదం కాదు, అది ఉన్నదే అందుకు అని ఎంత చెప్పినా ఆయన వినలేదు. మళ్ళీ ఆ వైపు రాలేదు. అంత కష్టపడి చేసిన పని ఒక్క చప్పుడుతో పోయింది.

రిచ్‌మండ్ పట్నం

ఆ తరవాత 1887లో వర్జీనియా రాష్ట్రంలో రిచ్‌మండ్ అనే పట్నం నుంచి పని వచ్చింది. అప్పట్లో పట్నాల్లో పట్టాల మీద గుర్రాలు ట్రాము బండ్లు లాగేవి. అవి కరెంటుతో నడవాలి. ఒప్పందం ఏమిటంటే, 12 మైళ్ళ దారి, 40 బండ్లు, కరెంటు తయారు చేసే ఇల్లు, అన్నీ 90 రోజుల్లో అయిపోవాలి. ఒకేసారి 30 బండ్లు నడవాలి. బాగా పనిచేస్తేనే 1,10,000 డాలర్లు ఇస్తారు, లేకపోతే లేదు. అప్పటికి ప్రపంచంలో ఎక్కడా అన్ని కరెంటు బండ్లు ఒక్కచోట నడవలేదు. పైగా ఆ ఊరు మన ఏజెన్సీ లాగే ఎత్తుపల్లాలు.

ఒప్పుకున్న కొద్ది రోజులకే స్ప్రేగ్‌కి టైఫాయిడ్ జ్వరం వచ్చి మంచం పట్టారు. లేచి వచ్చి చూస్తే పట్టాలు సరిగా వెయ్యలేదు, ఎత్తు చాలా ఎక్కువగా ఉంది. మోటరు ఆ ఎత్తు ఎక్కగలదో లేదో చూడ్డానికి ఒక రాత్రి బండి తీశారు. బండి కష్టం మీద కొండ ఎక్కింది. జనం పోగై చూస్తున్నారు. ఇంతలో మోటరు కాలిపోయింది. జనం ముందు ఒప్పుకుంటే పరువు పోతాది. చిన్న లోపం ఉంది, చూడ్డానికి పరికరాలు పట్టుకు రమ్మని స్ప్రేగ్ తన మనిషిని అందరికీ వినపడేలా పంపించి, దీపాలు ఆర్పేసి సీటు మీద పడుకున్నారు. జనం చూసి చూసి ఇళ్ళకి వెళ్ళిపోయారు. అప్పుడు ఆ పరికరాలు వచ్చాయి. అవి ఏమిటంటే, నాలుగు బలమైన కంచర గాడిదలు! అవే బండిని లాక్కుని పోయాయి. ఇది విని మా క్లాసంతా నవ్వాం. కానీ స్ప్రేగ్ నవ్వి ఊరుకోలేదు. మోటరు పళ్ళచక్రాలు మార్చారు, పై తీగను తాకే కర్ర చాలా రకాలుగా చేసి చూశారు. చివరికి 1888 ఫిబ్రవరి 2వ తేదీన రిచ్‌మండ్ వీధుల్లో కరెంటు ట్రాములు ప్రజల కోసం నడవడం మొదలయింది.

ఆ రాత్రి పరీక్ష

నేను అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడ ఉంది. అదే 1888లో బోస్టన్ నగరం నుంచి హెన్రీ విట్నీ అనే పెద్ద ట్రాము కంపెనీ యజమాని చూడ్డానికి వచ్చారు. ఆయనకి ఒక్కటే అనుమానం. బండ్లన్నీ ఒకచోట ఆగిపోయి, అన్నీ ఒకేసారి బయలుదేరితే తీగలో కరెంటు చాలుతుందా అని. మన బోరు మోటరు అనుమానమే ఇది.

స్ప్రేగ్ మాటలతో జవాబు చెప్పలేదు. రాత్రి ట్రాములు ఆగిపోయాక 22 బండ్లను దారి చివర వరసగా నిలబెట్టించారు. కరెంటు ఇంట్లో వాళ్ళకి వోల్టేజి 500కి పెంచి ఉంచమని, ఏమయినా ఆపొద్దని చెప్పారు. విట్నీని నిద్ర లేపి తీసుకొచ్చారు. సైగ చెయ్యగానే బండ్లు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. దీపాలు సన్నబడిపోయాయి. ఇంకా సన్నబడ్డాయి. బండ్లు మాత్రం ఆగలేదు. ముందు బండ్లు వేగం అందుకున్నాక వాటికి తక్కువ కరెంటు చాలింది, దీపాలు మెల్లగా మళ్ళీ వెలిగాయి. 22 బండ్లూ కళ్ళ ముందే వెళ్ళిపోయాయి. విట్నీ బోస్టన్‌కి కరెంటు ట్రాములే పెట్టాలని నిర్ణయించుకున్నారు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, బండి బయలుదేరేటప్పుడే ఎక్కువ కరెంటు లాగుతాది. ఒకదాని తరవాత ఒకటి కదిలితే అదే తీగ అందరినీ మొయ్యగలదు.

పేరు తీసేశారు

రెండేళ్ళలో 100కి పైగా ఊళ్ళు ఆయన పద్ధతిలో ట్రాములు పెట్టుకున్నాయి. కానీ రిచ్‌మండ్ పనిలో ఆయన కంపెనీకి నష్టమే వచ్చింది. 1890లో ఎడిసన్ కంపెనీ ఆయన కంపెనీని కలిపేసుకుంది. యంత్రాల మీద స్ప్రేగ్ పేరు తీసేశారు. ఆయనకి చాలా బాధ కలిగి బయటికి వచ్చేశారు. మన లెక్క మనం చేస్తే, పక్కవాళ్ళ పేరు రాసి దిద్దినట్టు కదా. అయినా ఆయన కూర్చోలేదు. పెద్ద మేడలకు కరెంటు లిఫ్టులు చేశారు. 1897లో ఇంకో గొప్ప పని చేశారు. రైలులో చాలా పెట్టెలకి మోటర్లు పెట్టి, అన్నిటినీ ఒక్క డ్రైవరు ఒక్క చోటు నుంచే నడిపే పద్ధతి కనిపెట్టారు. అది ఎంత తేలికో చూపించడానికి తన పదేళ్ళ కొడుకు చేత రైలు నడిపించారు! షికాగో నగరంలో మొదట ఈ పద్ధతి పెట్టారు. ఈరోజు హైదరాబాద్ మెట్రో రైలు కూడా ఈ పద్ధతిలోనే నడుస్తాది.

స్ప్రేగ్ 1934 అక్టోబర్ 25వ తేదీన న్యూయార్క్‌లో మరణించారు. ఆర్లింగ్టన్ అనే జాతీయ శ్మశానంలో సమాధి ఉంది.

ఇప్పుడు మన దగ్గర

ఆయన పోయినా ఆయన ఆలోచన పోలేదు. అరకు ఘాటీలో ఎర్ర ఇనుప రాయితో గూడ్సు బళ్ళు విశాఖపట్నం వైపు దిగుతుంటాయి, మీరూ చూసి ఉంటారు. ఇప్పుడు మన రైల్వేల్లో త్రీఫేజు ఇంజన్లు బ్రేకు వేస్తే పై తీగలోకి కరెంటు తిరిగి పంపిస్తాయి. ఆ కరెంటుతో ఇంకో బండి ఎక్కవచ్చు. 2022 నుంచి తిరుమల కొండకి ఆర్టీసీ కరెంటు బస్సులు వేశారు. అవి కొండ దిగేటప్పుడు తమ బ్యాటరీని తామే కొంత నింపుకుంటాయి.

కరెంటు తయారయ్యే చోట్లన్నీ, తీగలన్నీ కలిపితే దాన్ని గ్రిడ్ అంటారు. మన సీలేరు నీళ్ళ కరెంటు కూడా అందులోకే పోతాది. ఎప్పుడు ఎంత కరెంటు ఉందో, ఎవరికి ఎంత కావాలో కంప్యూటర్లతో క్షణక్షణం చూసుకునేదాన్ని స్మార్ట్ గ్రిడ్ అంటారని సారు చెప్పారు. సాయంత్రం ఇళ్ళల్లో అందరూ లైట్లు వేసేటప్పుడే వేల బస్సులు, స్కూటర్లు ఛార్జింగు పెడితే మన హాస్టల్ లైట్లు లాగే అవుతాది. అదే మధ్యాహ్నం ఎండ కరెంటు బాగా ఉన్నప్పుడు, లేకపోతే అర్ధరాత్రి అందరూ పడుకున్నాక, వంతులవారీగా పెడితే ఎవరికీ ఇబ్బంది లేదు. కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టినట్టు. అంతేకాదు, ఊరికే ఆగి ఉన్న బండి బ్యాటరీ నుంచి కరెంటుని తిరిగి గ్రిడ్‌కి ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. ఆ రాత్రి స్ప్రేగ్ 22 బండ్లతో చేసిన పని, మోటరుతో వెనక్కి ఇప్పించిన పని, రెండూ కలిస్తే ఇదే కదా అని నాకు అనిపించింది.

నేను నేర్చుకున్నది

స్ప్రేగ్ జీవితం నుంచి నేను మూడు విషయాలు నేర్చుకున్నాను. ఒకటి, అనుమానం వస్తే వాదించకుండా చేసి చూపించాలి. రెండు, మన పేరు తుడిచేసినా మన పని ఆపకూడదు. మూడు, అందరిదీ ఒకటే తీగ. తీసుకునేటప్పుడు వంతు పాటించాలి, తిరిగి ఇవ్వగలిగినప్పుడు ఇవ్వాలి.

అందుకని స్టడీ అవర్‌కి వచ్చేటప్పుడు గదుల్లో ఫ్యాన్లు, లైట్లు ఆపేసి రండి అక్కలూ, చెల్లెళ్ళూ. బోరు మోటరు వేసినా అప్పుడు మన పుస్తకం మీద వెలుతురు కొంచెమైనా తగ్గకుండా ఉంటాది. తప్పులు ఏమైనా ఉంటే క్షమించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని