సిడ్నీ వాటర్లో

సర్ సిడ్నీ హెడ్లీ వాటర్లో (నవంబరు 1, 1822 - ఆగష్టు 3, 1906) ఆంగ్లేయ ముద్రాపకుడు, లండన్ నగర లార్డ్ మేయరు, బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. శ్రామిక కుటుంబాలకు తక్కువ అద్దెకు ఆరోగ్యకరమైన ఇళ్ళు కట్టించుటకు 1863లో ఇంప్రూవ్డ్ ఇండస్ట్రియల్ డ్వెల్లింగ్స్ కంపెనీని స్థాపించి, తన మరణము వరకు దానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. ప్రభుత్వము నిర్మాణదారులను నిర్బంధించకుండా, చౌక వడ్డీకి అప్పు, చౌక ధరకు స్థలము ఇచ్చి, ప్రతిగా పేదలకు ఇళ్ళు కట్టించుకొనే విధానము రూపుదిద్దుకున్న తొలి దశలో ఇతడు ప్రముఖుడు. ఉత్తర లండన్‌లోని వాటర్లో పార్కు ఇతని దానమే.

బాల్యము, విద్యాభ్యాసము

సిడ్నీ లండన్‌లోని ఫిన్స్‌బరీ ప్రాంతములో జన్మించాడు. ఇతని తండ్రి జేమ్స్ వాటర్లో స్టేషనరీ వ్యాపారి. ఇతడు చిన్నతనములో కొంతకాలము మైల్ ఎండ్‌లో పెరిగాడు. ఆ తరువాత సదర్క్‌లోని సెయింట్ సేవియర్స్ గ్రామర్ స్కూలులో చదువుకున్నాడు. తండ్రి యూనిటేరియన్ క్రైస్తవ శాఖకు చెందినవాడు. ఆ శాఖ బోధకుడైన విలియం జాన్సన్ ఫాక్స్ ఉపన్యాసాల ప్రభావము బాలుడైన సిడ్నీపై బలముగా పడినది.

1836లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఇతడు ప్రభుత్వ ముద్రాపకుడైన తన బంధువు థామస్ హారిసన్ వద్ద పని నేర్చుకొనుటకు చేరాడు. నాలుగవ సంవత్సరానికే విదేశాంగ కార్యాలయపు రహస్య పత్రాల ముద్రణ బాధ్యత పూర్తిగా ఇతనికి అప్పగించారు. 1843లో శిక్షణ ముగిసిన తరువాత పారిస్ వెళ్ళి, గలిన్యాని అనే ప్రచురణకర్త వద్ద ఒక శీతాకాలము పని చేశాడు.

ముద్రణ వ్యాపారము

1844లో సిడ్నీ తన సోదరులతో కలిసి తండ్రి వ్యాపారములో చేరి, దానికి ముద్రణ శాఖను జోడించాడు. అది రైళ్ళు వేగముగా విస్తరిస్తున్న కాలము. రైల్వే కంపెనీలకు కావలసిన ముద్రణ, స్టేషనరీ పనులలో పెద్ద భాగము వీరికి దక్కినది. కొద్ది కాలములోనే వాటర్లో అండ్ సన్స్ దేశములోని పెద్ద ముద్రణ సంస్థలలో ఒకటైనది. ఈ సంస్థ తరువాతి కాలములో అనేక దేశాలకు తపాలా బిళ్ళలు, కరెన్సీ నోట్లు ముద్రించినది.

1845లో సిడ్నీ అన్నా మరియా హిక్సన్‌ను వివాహము చేసుకున్నాడు. 1880లో ఆమె మరణించిన తరువాత, 1882లో అమెరికాకు చెందిన మార్గరెట్ హామిల్టన్‌ను వివాహమాడాడు.

నగరపాలనలో ప్రవేశము

1857లో సిడ్నీ లండన్ సిటీ కార్పొరేషన్‌లో బ్రాడ్ స్ట్రీట్ వార్డు సభ్యుడుగా ఎన్నికయ్యాడు. ఇళ్ళ కప్పుల మీదుగా టెలిగ్రాఫ్ తీగలు వేసి నగరములోని పోలీసు స్టేషన్లను కలిపే ఏర్పాటు ఇతని ఆలోచనే. 1863లో లాంగ్‌బోర్న్ వార్డుకు ఆల్డర్మన్ అయ్యాడు. 1866-67లో షెరీఫ్‌గా పని చేసి, 1867లో నైట్ బిరుదు పొందాడు.

లండన్‌లో నివాస సమస్య

1801లో లండన్ జనాభా సుమారు పది లక్షలు. 1861 నాటికి అది ఇరవై ఎనిమిది లక్షలకు చేరినది. అదే కాలములో రైలు మార్గాలకు, కొత్త వీధులకు, గిడ్డంగులకు, కార్యాలయాలకు నగర మధ్యములోని పాత ఇళ్ళను వేల సంఖ్యలో కూలగొట్టారు. పని దొరికే చోటికి నడిచి వెళ్ళగలిగినంత దూరములోనే ఉండవలసిన కూలీలు, మిగిలిన ఇళ్ళలోకే చేరి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము వంతున కాపురముండవలసి వచ్చినది. అద్దెలు పెరిగాయి, కలరా వంటి వ్యాధులు ప్రబలాయి.

శ్రామికులకు మంచి ఇళ్ళు కట్టే ప్రయత్నాలు 1840లలోనే మొదలైనాయి. 1851 లండన్ మహా ప్రదర్శనలో ప్రిన్స్ ఆల్బర్ట్ ప్రోత్సాహముతో హెన్రీ రాబర్ట్స్ నమూనా ఇళ్ళను నిర్మించి చూపాడు. 1862లో అమెరికన్ వ్యాపారి జార్జ్ పీబాడీ లండన్ పేదల కొరకు 1,50,000 పౌండ్లు దానమిచ్చాడు. అయితే దానము ఎంత పెద్దదైనా నగర అవసరములో కొంత భాగమునే తీర్చగలదు. కట్టిన ఇంటిపై న్యాయమైన లాభము వచ్చిన యెడల సామాన్య పెట్టుబడిదారులు కూడా ముందుకు వస్తారని సిడ్నీ అభిప్రాయపడ్డాడు.

మార్క్ స్ట్రీట్ ఇళ్ళు

ఈ అభిప్రాయమును నిరూపించుటకు సిడ్నీ తన సొంత డబ్బుతో ఫిన్స్‌బరీలోని మార్క్ స్ట్రీట్‌లో ఎనభై కుటుంబాలకు సరిపడే భవనమును కట్టించాడు. దానికి లాంగ్‌బోర్న్ బిల్డింగ్స్ అని పేరు. ఇందుకు పేరుపొందిన వాస్తుశిల్పిని నియమించలేదు. మాథ్యూ అలెన్ అనే నిర్మాణ మేస్త్రీతో కలిసి, 1851 నాటి నమూనాను మార్చి, నక్షా తయారు చేయించాడు.

భవనము మధ్య గాలి ఆడే బహిరంగ మెట్ల దారి, ప్రతి అంతస్తుకు ముందు వసారా, బట్టలు ఆరవేసుకొనుటకు చదునైన డాబా ఏర్పాటు చేశారు. ప్రతి కుటుంబానికి విడిగా మరుగుదొడ్డి, అంట్లు తోముకొనే గది ఉన్నాయి. ఆనాటి పీబాడీ భవనాలలో ఇవి అనేక కుటుంబాలకు ఉమ్మడిగా ఉండేవి. కనుక సిడ్నీ కట్టించిన ఇళ్ళు శ్రామికులకు త్వరగా నచ్చాయి. అద్దెలు మితముగా ఉన్నప్పటికీ భవనముపై తగిన రాబడి వచ్చినది.

కంపెనీ స్థాపన

ఈ అనుభవముతో 1863లో సిడ్నీ 50,000 పౌండ్ల మూలధనముతో ఇంప్రూవ్డ్ ఇండస్ట్రియల్ డ్వెల్లింగ్స్ కంపెనీని ప్రారంభించాడు. షేర్‌హోల్డర్లకు సాలుకు అయిదు శాతము డివిడెండు లక్ష్యముగా పెట్టుకున్నారు. వ్యాపారములో అంతకన్నా ఎక్కువ లాభము దొరికే రోజులలో ఇంతటితో తృప్తి పడుటే ఇందులోని ధర్మకార్యము. ఇటువంటి పెట్టుబడికి అయిదు శాతము దాతృత్వము అని పేరు వచ్చినది.

కంపెనీ బెత్నల్ గ్రీన్‌లోని విల్మాట్ స్ట్రీట్ పరిసరాలలో 1868 నుండి పెద్ద ఎత్తున ఇళ్ళు కట్టినది. ఆ ప్రాంతమునకు తరువాత వాటర్లో ఎస్టేట్ అనే పేరు స్థిరపడినది. అక్కడే కొలంబియా రోడ్డులో, దానశీలి ఏంజెలా బర్డెట్-కౌట్స్ లీజుకు ఇచ్చిన స్థలములో, 1872లో లియోపోల్డ్ బిల్డింగ్స్ వెలసినది. వెస్ట్‌మినిస్టర్ ప్రభువు గ్రోవనర్ తన ఎస్టేటులోని పిమ్లికో, మేఫెయిర్ స్థలాలను తక్కువ భూఅద్దెకు ఈ కంపెనీకి ఇచ్చాడు. ఆ విధముగా లండన్‌లో అత్యంత ఖరీదైన ప్రాంతమైన మేఫెయిర్‌లో కూడా శ్రామికుల ఇళ్ళు వెలిశాయి.

ప్రభుత్వ రుణము

1866లో పార్లమెంటు శ్రామికవర్గ నివాసగృహముల చట్టమును చేసినది. దీని ప్రకారము శ్రామికులకు ఇళ్ళు కట్టే కంపెనీలకు ప్రభుత్వ నిర్మాణ రుణాల కమీషనర్లు నాలుగు శాతము వడ్డీకి, నలభై సంవత్సరాల గడువుపై అప్పు ఇవ్వవచ్చును. అప్పు ఆస్తి విలువలో సగమునకు మించరాదు. ఎవరూ ఈ అప్పు తీసుకొని తీరవలెనను నియమము లేదు. తీసుకున్నవారు మాత్రము ఆ డబ్బుతో శ్రామికులకే ఇళ్ళు కట్టవలెను.

ఈ ఏర్పాటు సిడ్నీ కంపెనీకి ఎంతో ఉపకరించినది. షేర్‌హోల్డర్ల నుండి వచ్చిన పదివేల పౌండ్లకు ప్రభుత్వము నుండి మరొక పదివేలు అప్పు తెచ్చుకొనుటకు వీలు కలిగినది. అంటే అదే మూలధనముతో రెట్టింపు ఇళ్ళు కట్టవచ్చును. అప్పుపై వడ్డీ డివిడెండు కంటే తక్కువ కాబట్టి, అద్దెలు పెంచకుండానే షేర్‌హోల్డర్లకు అయిదు శాతము చెల్లించుట సాధ్యమైనది.

స్థలముల సమస్య

అప్పు దొరికినా నగర మధ్యములో స్థలము దొరకుట కష్టమైనది. హోం మంత్రి రిచర్డ్ క్రాస్ ప్రవేశపెట్టిన 1875 నాటి చట్టము ఈ లోటును తీర్చుటకు ఉద్దేశించినది. దీని ప్రకారము స్థానిక సంస్థలు మురికివాడలను నిర్బంధముగా కొని కూలగొట్టి, ఆ స్థలమును ఇళ్ళు కట్టే కంపెనీలకు, ట్రస్టులకు అమ్మవచ్చును. కొన్నవారు అక్కడ శ్రామికులకే ఇళ్ళు కట్టవలెను. స్థానిక సంస్థలు తామే ఇళ్ళు కట్టుటను చట్టము ప్రోత్సహించలేదు.

లండన్‌లో ఈ పని మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ చేపట్టినది. అయితే పాత ఇళ్ళ యజమానులకు బోర్డు భారీ నష్టపరిహారము చెల్లించవలసి వచ్చినది. శ్రామికుల ఇళ్ళు మాత్రమే కట్టవలెనను షరతు ఉన్న స్థలమునకు బజారులో అంత ధర పలకదు. కొన్నిచోట్ల బోర్డు అనుకున్న ధరకు కొనేవారే రాలేదు. చివరకు 1879లో పీబాడీ ట్రస్టు వైట్‌చాపెల్, గ్రేట్ వైల్డ్ స్ట్రీట్, ఓల్డ్ పై స్ట్రీట్ మొదలైన ఆరు స్థలాలను బోర్డుకు అయిన ఖర్చు కంటే చాలా తక్కువకు కొన్నది. ఆ తేడాను లండన్ పన్ను చెల్లింపుదారులు భరించారు. చౌక ధర రూపములో ఇచ్చిన ఈ సహాయము వలన ఇళ్ళు వచ్చాయి గాని, కూల్చివేతకు, కొత్త నిర్మాణానికి నడుమ కొన్ని స్థలాలు సంవత్సరాల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. అక్కడ నుండి వెళ్ళగొట్టబడినవారు సమీపములోని మురికివాడలలోనే తలదాచుకున్నారు.

విమర్శలు

సిడ్నీ కంపెనీ ఇళ్ళలో చేరినవారు ఎక్కువగా క్రమముగా వేతనము వచ్చే చేతిపనివారు, చిన్న ఉద్యోగులు. ఓడరేవు కూలీలు, బండి మీద సరకులు అమ్ముకొనేవారు, ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టే విధవలు ఆ అద్దె కట్టలేకపోయారు. ప్రభుత్వపు చౌక అప్పు నిరుపేదలకు చేరలేదని విమర్శకులు ఎత్తి చూపారు.

సిడ్నీ ఈ సంగతిని దాచలేదు. అద్దె కట్టగలిగినవారికి ముందుగా ఇళ్ళు కట్టిన యెడల, వారు ఖాళీ చేసిన గదులు వారికన్నా పేదలకు లభిస్తాయని ఇతడు వాదించాడు. అట్టడుగువారికే నేరుగా కట్టినచో అయిదు శాతము రాదనీ, అది రాకపోతే పెట్టుబడి ఆగిపోతుందనీ ఇతని భావము. కాని నగరములో కొత్తగా కట్టిన ఇళ్ళకన్నా కూలిన ఇళ్ళు, వచ్చి చేరుతున్న జనము ఎక్కువ అయినందున, ఖాళీ అయిన గదుల అద్దె తగ్గలేదు. ఇదే కాలములో ఆక్టేవియా హిల్ పాత ఇళ్ళనే కొని బాగు చేయించి, అద్దె వసూలుకు స్త్రీలను నియమించి, సిడ్నీ ఇళ్ళు చేరలేని పేదలకు వాటిని అద్దెకు ఇచ్చినది.

లార్డ్ మేయరుగా

సిడ్నీ 1872-73లో లండన్ లార్డ్ మేయరుగా ఉన్నాడు. నగరములోని ఆసుపత్రులకు చర్చిలలో ఏటా ఒక ఆదివారము విరాళాలు సేకరించే హాస్పిటల్ సండే ఫండ్ 1873లో ఇతని హయాములో ప్రారంభమైనది. అదే సంవత్సరము పర్షియా షాకు నగరము తరఫున స్వాగతము పలికాడు. 1873లోనే ఇతనికి బారోనెట్ హోదా లభించినది. 1874 నుండి 1892 వరకు సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రికి కోశాధికారిగా పని చేశాడు.

పార్లమెంటు సభ్యునిగా

1868లో లిబరల్ పార్టీ తరఫున స్కాట్లండులోని డమ్‌ఫ్రీషైర్ నుండి ఎన్నికయ్యాడు. తన ముద్రణ సంస్థకు ప్రభుత్వ కాంట్రాక్టు ఉన్నదన్న కారణముతో 1869లో ఆ సభ్యత్వము రద్దయినది. తరువాత 1874 నుండి 1880 వరకు మెయిడ్‌స్టన్‌కు, 1880 నుండి 1885 వరకు గ్రేవ్జెండ్‌కు ప్రాతినిధ్యము వహించాడు.

వాటర్లో పార్కు

హైగేట్ కొండపై సిడ్నీకి పాతిక ఎకరాలకు పైబడిన తోట ఉండేది. 1889లో, తోటలు లేని ప్రజలకు అది తోట కావలెనని చెప్పి, కొత్తగా ఏర్పడిన లండన్ కౌంటీ కౌన్సిల్‌కు దానిని ఉచితముగా ఇచ్చాడు. 1891లో అది ప్రజలకు తెరువబడినది. అందులోని పాత లాడర్‌డేల్ హౌస్‌ను ఇతడు 1872లోనే సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రి రోగులు కోలుకొనే విడిదిగా ఇచ్చి ఉన్నాడు. పార్కులో 1900లో ఇతని విగ్రహమును ప్రతిష్ఠించారు. ఆ విగ్రహము చేతిలో గొడుగు ఉండుట విశేషము.

చివరి దినములు

సిడ్నీ ఆగష్టు 3, 1906న కెంట్ జిల్లాలోని ట్రాస్లీ టవర్స్ అనే తన గృహములో మరణించాడు. స్టాన్‌స్టెడ్ గ్రామములో ఖననము చేశారు. అప్పటికి ఇతని కంపెనీకి సుమారు 6,000 ఇళ్ళు, వాటిలో సుమారు 30,000 మంది నివాసులు ఉన్నారు.

ప్రభావము

సిడ్నీ జీవితకాలములోనే లండన్ పాలన మరొక దారి పట్టినది. 1890 నాటి గృహనిర్మాణ చట్టము తరువాత లండన్ కౌంటీ కౌన్సిల్ కంపెనీల కొరకు ఎదురుచూడకుండా తానే ఇళ్ళు కట్టించుట మొదలుపెట్టినది. 1900లో ప్రారంభమైన బౌండరీ స్ట్రీట్ ఎస్టేట్ ఈ విధానానికి తొలి పెద్ద ఉదాహరణ. అయితే అక్కడ కూల్చిన వాడలో నివసించిన 5,719 మందిలో పదకొండుగురు మాత్రమే కొత్త ఇళ్ళకు రాగలిగారు. ప్రభుత్వము ప్రోత్సాహమిచ్చినను, తానే కట్టించినను, అద్దె కూలివాని సంపాదనకు అందనంత వరకు ఫలితము ఒక్కటే అయినది.

ఇరవయ్యవ శతాబ్దములో అనేక దేశాల నగరపాలక సంస్థలు అదనపు అంతస్తులకు అనుమతి, రుసుముల మినహాయింపు, తక్కువ వడ్డీ అప్పులు ఇచ్చి, ప్రతిగా కొన్ని ఇళ్ళను తక్కువ ధరకు ఇవ్వవలసినదిగా నిర్మాణదారులను ఆహ్వానించాయి. ఆ ఇళ్ళు ఎవరికి దక్కుతాయి, ఖర్చు ఎవరు భరిస్తారు అనే ప్రశ్నలు 1860లలో సిడ్నీ ఎదుర్కొన్నవే. లియోపోల్డ్ బిల్డింగ్స్‌తో సహా ఇతని కంపెనీ కట్టిన భవనాలలో కొన్ని నేటికీ నివాసగృహాలుగా ఉన్నాయి.