ఫస్టియర్ క్లాసుకు వచ్చే ప్రొఫెసర్

పిల్లలను ఏ కాలేజీలో చేర్చాలని ఆలోచించేటప్పుడు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే గారిని ఒకసారి గుర్తు చేసుకోండి.

1861లో పుట్టిన ఆయన ఎడిన్‌బరోలో డాక్టరేట్ చేసి, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో కెమిస్ట్రీ అధ్యాపకుడిగా చేరారు. పరిశోధనలో ఎంత పేరు వచ్చినా, కొత్తగా చేరిన విద్యార్థులకు తానే పాఠం చెప్పేవారు. నోట్సు రాయించి ఊరుకోకుండా, ప్రయోగం చేసి చూపేవారు. ఎముక కాల్చిన బూడిదను నోట్లో వేసుకుని, అదిప్పుడు వట్టి కాల్షియం ఫాస్ఫేటేనని నమ్మించేవారు. మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఆయన విద్యార్థులే. 1944లో ఆయన కన్నుమూశారు.

మీరు కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్లతో పాటు ఇంకో రెండు విషయాలు అడగండి: ఫస్టియర్‌కు పాఠం ఎవరు చెబుతారు? ల్యాబ్‌లో ప్రయోగం పిల్లల చేత చేయిస్తారా?