లావోయిజర్ త్రాసు

ఆధునిక రసాయనశాస్త్ర పితామహుడిగా ప్రఖ్యాతిగాంచిన ఆంటోనీ లావోయిజర్ 1743 ఆగస్టు 26న పారిస్ నగరంలో జన్మించాడు. న్యాయశాస్త్రం అభ్యసించినా ఆయన మనసు విజ్ఞానశాస్త్రం మీదనే లగ్నమైంది. 1768లో రాజుకు పన్నులు వసూలు చేసే గుత్తసంస్థలో భాగస్వామిగా చేరి, ఆ రాబడితో అతిసూక్ష్మమైన త్రాసులు చేయించుకొన్నాడు.

ఆయన మూసిన పాత్రలో తగరాన్ని వేడిచేసి, ముందూ తరువాతా తూచాడు. మొత్తం బరువు మారలేదు. రసాయన చర్యలో పదార్థం రూపం మార్చుకొంటుందే కాని నశించదనీ, కొత్తగా పుట్టదనీ నిరూపించాడు. 1789లో వెలువరించిన గ్రంథంలో ద్రాక్షరసం పులియడాన్ని సమీకరణ రూపంలో చూపాడు. నేడు విద్యార్థులు బాణపు గుర్తుకు ఇరువైపులా పరమాణువుల సంఖ్యను సమానం చేయడానికి ఆ సూత్రమే ఆధారం.

ఫ్రెంచి విప్లవకాలంలో, 1794 మే 8న, తోటి గుత్తేదారులతోపాటు ఆయనకూ శిరచ్ఛేదం జరిగింది. త్రాసులను సమకూర్చిన కొలువే ఆయన ప్రాణాలను బలిగొన్నది.