బంగారం కోరిన రాజుకు పింగాణీ ఇచ్చిన బందీ

జర్మనీ దేశపు పాత బీరు పాత్రలను సేకరించేవారు పాత్ర చేతికి రాగానే ముందుగా దాని అడుగుభాగాన్ని పరిశీలిస్తారు. మూత, పిడి కలిగిన ఆ పాత్రలకు స్టైన్లని పేరు. అడుగున ఉన్న గుర్తును బట్టి చేసినవారెవరో పోల్చుకుంటారు. నీలిరంగులో ఒకదానికొకటి అడ్డంగా నిలిచిన రెండు కత్తులు మైసెన్ కర్మాగారపు గుర్తు. ఆ కర్మాగారానికి పునాది వేసిన యోహాన్ ఫ్రీడ్‌రిష్ బోట్‌గర్ యౌవనంలో అధిక భాగం బందీగానే గడిచింది.

బోట్‌గర్ 1682లో ష్లైట్స్ పట్టణంలో జన్మించాడు. తండ్రి నాణేల ముద్రణశాల ఉద్యోగి. తండ్రి మరణానంతరం బాలుడు మాగ్డెబర్గ్‌లో పెరిగి, బెర్లిన్‌లోని ఒక ఔషధశాలలో పని నేర్చుకొనడానికి చేరాడు. అక్కడ అతనికి పరుసవేది పిచ్చి పట్టింది. 1701లో కొందరి ఎదుట హీనలోహాన్ని బంగారంగా మార్చినట్లు నమ్మించాడు. ఆ వార్త ప్రష్యా రాజు చెవిన పడింది. భయపడిన యువకుడు సరిహద్దు దాటి సాక్సనీకి పారిపోయాడు. అయితే అక్కడి పాలకుడు రెండవ అగస్టస్‌కు బంగారంపై ఆశ అంతకంటె అధికం. పందొమ్మిదేళ్ల బోట్‌గర్‌ను డ్రెస్డెన్‌లో నిర్బంధించాడు. 1703లో తప్పించుకొని ఆస్ట్రియా వరకు వెళ్లినా, పట్టుబడి మరల చెరకే చేరాడు.

బంగారం రాలేదు. అతని అదృష్టం కొద్దీ చిర్న్‌హౌస్ అనే పండితుడు తోడయ్యాడు. పెద్ద దర్పణాలతో సూర్యకాంతిని కేంద్రీకరించి ఖనిజాలను కరిగించి చూసిన శాస్త్రజ్ఞుడాయన. అగస్టస్ చైనా, జపాన్ పింగాణీకై అపార ధనం వెచ్చించేవాడు. 1717లో 151 పాత్రల కోసం 600 మంది సైనికులను ప్రష్యాకు ఇచ్చివేశాడంటే ఆ మోజు ఎంతటిదో ఊహించవచ్చు. ఆ పింగాణీ మర్మం నాడు ఐరోపాలో ఎవరికీ తెలియదు.

వివిధ మట్టులను కలిపి తీవ్రమైన వేడిలో కాల్చి చూడగా మొదట ఎర్రని గట్టి పాత్ర సిద్ధమైంది. మన ఇళ్లలోని ఊరగాయ జాడీ వలె అది నీటిని పీల్చదు. రత్నాన్ని సానపట్టినట్లు చెక్కి మెరుగుపెట్టగలిగినంత కఠినమైనది. దానితో చేసిన బీరు పాత్రలకు వెండి తొడుగులు, మూతలు అమర్చారు. పిమ్మట కోల్డిట్స్ ప్రాంతపు తెల్లమట్టికి అలబాస్టర్ రాతిపొడి చేర్చగా 1708లో తెల్లని పింగాణీ రూపొందింది. అదే సంవత్సరం అక్టోబరులో చిర్న్‌హౌస్ మరణించాడు. 1709 మార్చిలో బోట్‌గర్ ఆ విద్య తనకు సాధ్యమైనదని రాజుకు నివేదించాడు. ఈ ఘనత గురువుదా, శిష్యుడిదా అన్న చర్చ నేటికీ ముగియలేదు. ఇరువురి శ్రమా అందులో ఉన్నదనుట న్యాయం.

1710లో మైసెన్ పట్టణంలో కొండపైనున్న ఆల్బ్రెష్ట్స్‌బుర్గ్ కోటలో కర్మాగారం నెలకొన్నది. కోటను ఎంచుకొనడానికి కారణం రహస్యరక్షణ. బోట్‌గర్ దానికి అధిపతి అయ్యాడు గాని స్వేచ్ఛ మాత్రం 1714 వరకు లభించలేదు. అప్పటికే కొలిమి సెగలు, విషపు పొగలు, మితిమీరిన మద్యపానం దేహాన్ని గుల్ల చేశాయి. చూపు మందగించింది. 1719 మార్చి 13న, 37వ ఏట కన్నుమూశాడు. అంతగా కాపాడిన రహస్యమూ దక్కలేదు. అదే ఏడు ఒక పనివాడు వియన్నాకు పారిపోయి అక్కడి పోటీ కర్మాగారానికి దానిని అందించాడు.

కత్తుల గుర్తు వాడుకలోకి వచ్చింది 1722 ప్రాంతంలో. అంటే అది బోట్‌గర్ మరణించిన తరువాతి మాట. కనుక ఆ గుర్తున్న పాత్ర అతని కాలపుది కాదు. పైగా ఇతర కర్మాగారాలు ఆ కత్తులను అనుకరించాయి కాబట్టి, గుర్తొక్కటే చూసి కొన్నవారు మోసపోయే ప్రమాదముంది. మట్టి రంగు, పనితనం, మూత బిగించిన తీరు కూడా పరిశీలించాలి. 20వ శతాబ్దంలో మైసెన్ వారు ఎర్రమట్టి పాత్రలను మరల తయారుచేసి, వాటిపై బోట్‌గర్ పేరు ముద్రించారు. తాను చేసిన పాత్రలపై లేని పేరు, తాను చూడని పాత్రలపై నిలిచింది.