అలగానిపాడు నుంచి అడవి దాకా: సుందరయ్య నడిచిన యుద్ధ వ్యూహం

నెల్లూరు తీరానికి దగ్గరి ఊరు అలగానిపాడు. 1913 మే 1న అక్కడ రెడ్ల భూస్వామ్య కుటుంబంలో పుట్టిన సుందరరామిరెడ్డి, పేరు చివరి కులాన్ని తీసేసి పుచ్చలపల్లి సుందరయ్య అయ్యారు. లయోలా కాలేజీ చదువు వదిలి 1930 సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. తర్వాత అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టుగా మారి, సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీల సంఘం కట్టారు. ఆ కూలీల్లో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఆసాములు ఆయన కులం వాళ్లే. పేరులోంచి రెడ్డిని తీసేయడం కంటే ఇది కష్టమైన పని.

1948లో కమ్యూనిస్టు పార్టీ జాతీయ నాయకత్వం రష్యా దారిలో పట్టణాల సమ్మెలు, తిరుగుబాట్లు అంది. సుందరయ్య ఉన్న ఆంధ్ర నాయకత్వం ఒప్పుకోలేదు. మనది చైనా లాంటి వలస, భూస్వామ్య దేశం, కాబట్టి పల్లెల్లో గెరిల్లా పోరాటంతో మొదలుపెట్టాలన్నది. దేశ చరిత్రను చదివిన తీరులోంచే యుద్ధ వ్యూహం పుట్టింది. అదే చదువులో ధనిక రైతుల్లో కొందరిని కలుపుకోవచ్చనీ, కనీసం తటస్థంగా ఉంచవచ్చనీ ఉంది. కూలీని పనిలో పెట్టుకునేది ఆ ధనిక రైతే కదా! ఈ మాట దళిత విద్యార్థులు ఆగి చదవాలి.

పార్టీ లెక్కల్లో తెలంగాణలో 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగింది. నిజాం లొంగాక కూడా సైన్యం వెనక్కి పోలేదు, దళాల మీదికి తిరిగింది. ఆయుధాలు దించుదామని రావి నారాయణరెడ్డి అన్నారు. దించితే పంచిన భూమి పోతుందని సుందరయ్య పక్షం వాదించింది. దళాలు గోదావరి, నల్లమల అడవులకు చేరాయి. వాళ్లకు తిండి అందకుండా సైన్యం కోయ గూడేలను ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టింది. వ్యూహం ఎవరిదైనా దాని బరువు మోసింది ఆదివాసులు.

1951 మొదట్లో నలుగురు నాయకులు మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. చైనా గెరిల్లాలకు వెన్నుదన్నుగా సోవియట్ సరిహద్దున మంచూరియా ఉంది, మీకు అలాంటిది లేదు, పైగా మీ దేశంలో రైలు మార్గాలు ఎక్కువ అని ఆయన విడమర్చారు. పటం చూస్తే తెలిసే సంగతికి మూడేళ్లు, పార్టీ లెక్కలో 4 వేల ప్రాణాలు పట్టాయి. ఆ అక్టోబర్‌లో పోరాటం ఆపేశారు.

సుందరయ్య 1972లో ఈ చరిత్రను పెద్ద పుస్తకంగా రాశారు. 1985 మే 19న చనిపోయారు. పోరాటం నడుస్తుండగానే వచ్చిన 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులిచ్చింది. కౌలు కూడా లేని కూలీకి అందులో చోటు లేదు.