జార్జి సైమన్ ఓము

విద్యుచ్ఛాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు మొదట నేర్చుకొను పేరు ఓము. ఆయన సూత్రము కంఠస్థమైనంతగా ఆయన జీవితము మనకు తెలియదు. ఆయుర్దాయములో అధికభాగమును పాఠశాలలలో బోధించుచు గడపిన వాడగుటచే, ఉపాధ్యాయులకు ఆ చరిత్రము తప్పక తెలియదగినది.

ఓము 1789 మార్చి 16వ తేదీన జర్మనీ దేశమునందలి ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాడు. స్వయంకృషితో గణితము నేర్చి కుమారులకు తానే బోధించెను. ఓము పదియేండ్ల బాలుడై యుండగా తల్లి మరణించెను. 1805లో విశ్వవిద్యాలయమున చేరెను గాని, చదువు విడిచి నాట్యమునందును, బిలియర్డ్సు ఆటయందును మునిగిన కుమారునిపై తండ్రి ఆగ్రహించి అతనిని స్విట్జర్లాండునకు పంపివేసెను. అచ్చట గణితోపాధ్యాయుడై, పిదప తిరిగివచ్చి 1811లో డాక్టరు పట్టమును పొందెను.

1817లో కొలోన్ నగరపు ఉన్నత పాఠశాలలో ఉద్యోగము లభించెను. అచ్చటి ప్రయోగశాలలో వేర్వేరు పొడవుల తీగలయందు ప్రవహించు విద్యుత్తును కొలువ నారంభించెను. ఆనాటి బ్యాటరీల బలము నిలకడలేక కొలతలు తారుమారగుచుండెను. అంతట ఆయన బిస్మతు, రాగి లోహముల అతుకులలో నొకదానిని మరుగునీటను, రెండవదానిని మంచునందును ఉంచి స్థిరమైన విద్యుత్తును సాధించెను. వోల్టేజిని నిరోధముచే భాగించిన కరెంటు వచ్చునను సత్య మట్లు తేలెను.

1827లో ఆ సిద్ధాంతమును గ్రంథముగా ప్రకటించెను. స్వదేశీయు లాదరింపలేదు; కోరిన పదవి దక్కలేదు. ఉద్యోగము వదలి బెర్లిన్ నగరమున చిన్న చిన్న బోధనలతో కాలము గడపెను. 1833లో న్యూరెంబర్గున ఆశ్రయము దొరకెను. 1841లో లండను రాయల్ సొసైటీ కోప్లీ పతకము నొసగెను. చిరకాలము కోరిన విశ్వవిద్యాలయాచార్యపదవి 1852లో, మ్యూనిక్ నగరమున లభించెను. రెండేండ్లకే, 1854 జులై 6న, ఆయన కాలధర్మము నొందెను. 1881లో పారిస్ మహాసభ నిరోధపు ప్రమాణమునకు ఆయన పేరు పెట్టెను.

ఆ సూత్రము పరీక్షలకొఱకే కాదు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు విద్యార్థి యొకడు, నీటితొట్టి నిండగానే మోటారు నాపు సాధనమును మైక్రోకంట్రోలరుతో చేయబూనెననుకొందము. తొట్టిలోని స్విచ్చి 12 వోల్టుల సంకేతమును పంపును. చిప్పు 5 వోల్టులతో పనిచేయును. తీగను సూటిగా పిన్నునకు కలిపినచో, లోపలి రక్షక డయోడు గుండ మితిమీరిన కరెంటు ప్రవహించి చిప్పు కాలిపోవచ్చును. సాగరు ఎడమ కాలువకు గండిపడిన పొలము కొట్టుకొనిపోవును. తూమునుండి వచ్చిన నీటితో పైరు పండును. తీగకును పిన్నునకును నడుమ చేర్చు రెసిస్టరే ఇచ్చట తూము.

డయోడు సుమారు 5.5 వోల్టుల యొద్ద తెరచుకొనును. మిగిలిన 6.5 వోల్టులను 100 ఓములచే భాగించిన 65 మిల్లీ ఆంపియరులు, అది ప్రమాదము. 10,000 ఓములచే భాగించిన 0.65 మిల్లీ ఆంపియరు మాత్రమే. ఆర్డ్వినో ఊనోలో నుండు ఏవీఆర్ జాతి చిప్పుల తయారీదారులు, ఆ డయోడ్లలో 1 మిల్లీ ఆంపియరు దాటరాదని సూచించిరి. కావున ఈ రెసిస్టరు చాలును.

ఒక రెసిస్టరు వెల అత్యల్పము. అది లేనందున చిప్పు కాలినచో, పేద విద్యార్థికి చిప్పుతోపాటు ఉత్సాహమును నశించును. తీగ కలుపుటకు ముందే ఆ భాగహారమును పలకపై చేయించు ఉపాధ్యాయుడు, కొలోన్ పాఠశాలలోని ఆ ఉపాధ్యాయుని ఋణము కొంత తీర్చుకొన్నవా డగును.