చేతి పనికి లెక్క కట్టిన లిలియన్ గిల్‌బ్రెత్

పొదుపు, అప్పు, బ్యాంకు లింకేజీ లెక్కలన్నీ చూశాక ఈ పేజీలో ఒక మహిళ జీవితం చెప్పుకుందాం. ఆమె పేరు లిలియన్ గిల్‌బ్రెత్. పేరు మనలో చాలామందికి కొత్త. కానీ ఆమె జీవితమంతా లెక్కపెట్టింది మనలాంటి వాళ్ళ చేతి పనినే.

మనం ఉండేది ఫిల్మ్‌నగర్ బస్తీల్లో. పొద్దున్నే జూబ్లీహిల్స్ ఇళ్ళల్లో పనికి పోయేవాళ్ళం కొందరం. షూటింగులకు బట్టలు కుట్టేవాళ్ళం కొందరం. ఇంట్లోనే కూర్చుని చీరలకు ఫాల్ వేసి, జాకెట్లకు హుక్కులు కుట్టేవాళ్ళం ఇంకొందరం. ఇక్కడ స్టూడియోల్లో కెమెరా ఎప్పుడూ హీరో హీరోయిన్ల ముఖాల మీదే ఉంటుంది. నూరేళ్ళ కిందటే ఒక భార్యాభర్తలు ఆ సినిమా కెమెరాను పనివాళ్ళ చేతుల మీదికి తిప్పారు. వాళ్ళే లిలియన్, ఆమె భర్త ఫ్రాంక్.

లిలియన్ 1878 మే 24న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్లాండ్‌లో పుట్టారు. ఇంటికి పెద్దకూతురు. ఆడపిల్లకు పెద్ద చదువు ఎందుకన్న తండ్రిని ఒప్పించి కాలేజీకి వెళ్ళారు. 1904లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆయన తాపీపని నేర్చుకుని కాంట్రాక్టరుగా ఎదిగిన మనిషి. ఒక్క ఇటుక పేర్చడానికి మేస్త్రీ 18 కదలికలు చేస్తున్నాడని ఆయన గమనించారు. మాటిమాటికీ వంగే పని లేకుండా పరంజా మార్చి, ఇటుకలు చేతికందే ఎత్తులో పెట్టించి, ఆ కదలికలను 5కు తగ్గించారు.

పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసే పనిచేశారు. పని చేసే మనిషి పక్కన గడియారం పెట్టి సినిమా తీసేవారు. వేళ్ళకు చిన్న బల్బులు కట్టి, చెయ్యి తిరిగిన దారి ఫోటోలో వెలుగుగీతలా పడేటట్టు చేసేవారు. ఏ చేతి పనినైనా దాదాపు 18 చిన్న ముక్కలుగా విడగొట్టొచ్చని తేల్చారు. వెతకడం, ఎంచుకోవడం, పట్టుకోవడం, తీసుకుపోవడం, సరిగా కుదర్చడం, వదిలెయ్యడం, ఇలాగ. తమ ఇంటిపేరునే వెనకనుంచి చదివి ఆ ముక్కలకు థెర్బ్లిగ్ అని పేరు పెట్టారు. ఆ జాబితాలో అలసట తీర్చుకోవడం కూడా ఒకటి. ఈ మాట మనం గుర్తు పెట్టుకోవాలి.

లిలియన్ చదివింది మనస్తత్వ శాస్త్రం. 1914లో ఆమె పుస్తకం అచ్చయితే, రాసింది ఆడమనిషని తెలియకూడదని ప్రచురణకర్తలు పేరు బదులు పొడి అక్షరాలే వేశారు. 1915లో బ్రౌన్ యూనివర్సిటీ ఆమెకు డాక్టరేట్ ఇచ్చింది. అప్పటికి ఇంటినిండా పిల్లలు. మొత్తం పన్నెండుమందిని కన్నారు. ఒక పాప చిన్నప్పుడే జబ్బు చేసి పోయింది. 1916లో భార్యాభర్తలు అలసట మీదే ఒక పుస్తకం తెచ్చారు. మనిషి అలిసిపోతే తప్పు మనిషిది కాదు, పని పెట్టిన పద్ధతిది అనేది వాళ్ళ ఆలోచన.

1924 జూన్‌లో ఫ్రాంక్ గుండెపోటుతో హఠాత్తుగా చనిపోయారు. ఆయన వెళ్ళాల్సిన యూరప్ సభలకు కొద్దిరోజుల్లోనే ఆమె ఓడెక్కి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి, ఆడమనిషితో మాకు పని లేదని కంపెనీలు ఒప్పందాలు ఆపేశాయి. సాకాల్సిన పిల్లలు పదకొండుమంది. ఆమె ఇంట్లోనే శిక్షణ తరగతులు పెట్టారు. ఫ్యాక్టరీకి రానివ్వని వాళ్ళకు వంటింటి గురించైనా ఆడమనిషి మాట వినక తప్పలేదు. గట్టు ఎంత ఎత్తుండాలి, పొయ్యి ఎక్కడ, సింకు ఎక్కడ అని అడుగులు లెక్కపెట్టి వంటిళ్ళు గీశారు. కాలితో తొక్కి తెరిచే చెత్తడబ్బా ఆమె ఆలోచనేనని చెబుతారు. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆమె ఇంట్లో వంటకు పనివాళ్ళు ఉండేవారు, ఆమెకు వంట అంతగా రాదు. మన జూబ్లీహిల్స్ అమ్మగార్ల ఇళ్ళల్లాగే, ఆమె పేరు వెనక కూడా పేరు తెలియని చేతులు ఉన్నాయి.

1935లో పర్డ్యూ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. గుండె జబ్బున్న ఆడవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు ఇంటిపని సులువుగా చేసుకునే పద్ధతులు కనిపెట్టారు. ఇద్దరు పిల్లలు తమ ఇంటి కథను 1948లో పుస్తకంగా రాస్తే, 1950లో అది హాలీవుడ్ సినిమా అయింది.

అదే 1948లో మేనార్డ్, ఇంకో ఇద్దరు ఇంజనీర్లు ఈ దారిలోనే నడిచి ఎం.టి.ఎం. అనే పద్ధతిని ప్రచురించారు. ఇందులో చేతి కదలికలకు ముందే టైము రాసిన పట్టిక ఉంటుంది. గంటను లక్ష భాగాలు చేస్తే ఒక భాగం ఒక యూనిట్. విడిగా పరిచి ఉన్న చిన్న వస్తువును పట్టుకోవడానికి 3.5 యూనిట్లు. అదే వస్తువు కుప్పలో కలిసిపోయి ఉంటే 12.9 యూనిట్లు. అంటే డబ్బాలోంచి హుక్కు ఏరుకోవడానికి దాదాపు నాలుగింతల టైము. వెయ్యి హుక్కులకు ఐదున్నర నిమిషాలు దండగ. టైము కొంచెమే, కానీ ఆ వెతుకులాట భారం కళ్ళ మీద, మెడ మీద పడుతుంది. ముందే పళ్ళెంలో పరుచుకుంటే ఆ బాధ ఉండదు.

అయితే ఈ పట్టికలో విశ్రాంతి ఉండదు. దాన్ని విడిగా కలపాలి. పీసు రేటు కట్టేవాళ్ళు ఆ కలపడం మరిచిపోతే, మన నడుంనొప్పి వాళ్ళ లాభం అవుతుంది. ఊరి నుంచి వచ్చిన అక్కలకు ఉపాధి హామీ పని తెలుసు. ఆ చట్టం నియమాల్లో 8 గంటల పనిలో ఒక గంట విశ్రాంతిని కలిపే కూలి లెక్క కట్టమన్నారు. ఆడవాళ్ళకు, వృద్ధులకు, వికలాంగులకు వేరే రేట్లు ఉండాలన్నారు. లిలియన్ అలసటను ఎందుకు లెక్కలోకి తెచ్చారో అక్కడ అర్థమవుతుంది.

1965లో అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ లిలియనే. 1972 జనవరి 2న, 93 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

పొదుపు పుస్తకంలో రూపాయి రూపాయి రాసుకోవడం మనం నేర్చుకున్నాం. పని లెక్క మాత్రం ఇప్పటికీ ఎదుటివాళ్ళకే వదిలేస్తున్నాం. ఇకమీదట ఆర్డరు ఒప్పుకునే ముందు, గ్రూపులో ఒకరు కుడుతుంటే ఇంకొకరు సెల్‌ఫోన్‌లో వీడియో తీయండి. ఎక్కడ వెతుకుతున్నాం, ఎక్కడ వంగుతున్నాం చూడండి. పీసుకు ఎంత టైము పట్టిందో రాసి, దానికి విశ్రాంతి కలిపి, అప్పుడు రేటు చెప్పండి. మన చేతుల లెక్క మన పుస్తకంలోనే ఉండాలి.